ధరతో పాటు సరకెంతో కూడా చెప్పాలి

స్మార్ట్‌ఫోను ధరను ప్రకటించే ప్రతి కంపెనీ, ఆ ధరకు తొలి విడతలో ఎన్ని ఫోన్లు అమ్మకానికి పెడుతున్నదో అదే ప్రకటనలో వెల్లడించాలి. ఆన్‌లైన్ వేదికకు సరకు చేరిన రోజునే, అదే టోకు ధరకు, దుకాణాలకూ అందించాలి.

2014 జులైలో షియోమీ ఎంఐ 3 ఫోను రూ.13,999 ధరతో ఫ్లిప్‌కార్ట్‌లో మాత్రమే విడుదలైనప్పుడు, ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికే పరిమితమైన ఆ తొలి అమ్మకం నిమిషాల్లో ముగిసిపోయింది. పరిమిత సరకును నిర్ణీత గడియకు అమ్మే ఈ పద్ధతినే ఫ్లాష్ సేల్ అంటారు. విడిభాగాల ధరలు తరచూ తగ్గే పరిశ్రమలో తక్కువ నిల్వతో మొదలుపెట్టడం వల్ల కంపెనీకి నష్టభయం తగ్గి, ఫోను చౌకగా ఇవ్వగలిగే మాట నిజమే. అయితే సరకెంతో చెప్పకుండా ధరను మాత్రమే చాటినప్పుడు, దొరకనివారు మారుబేరగాళ్లకు ఎక్కువ చెల్లించవలసి వస్తుంది, లేదా ఖరీదైన మరో మోడలుతో సరిపెట్టుకోవలసి వస్తుంది. మండల కేంద్రంలోని దుకాణానికి ఆ ఫోను వారాల తరువాత చేరేసరికి గిరాకీ చల్లారిపోతుంది. ఫోను చేత పట్టుకొని చూశాకే కొనేవారికి, పాతది మార్చుకోదలచినవారికి ఆధారమైన ఆ దుకాణమే క్రమంగా మూతపడే స్థితికి వస్తుంది. దిగుమతుల జాప్యం ఇందుకు సాకు కాజాలదు. 2015లోనే శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో షియోమీ ఫోన్ల తయారీ మొదలైంది.

చట్టం పూర్తిగా మౌనంగా లేదు. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలైన విదేశీ పెట్టుబడుల నిబంధన, తమ వేదికపై మాత్రమే అమ్మాలని విక్రేతను ఒత్తిడి చేయరాదని ఆన్‌లైన్ సంస్థలను ఆదేశించింది. కానీ కంపెనీ తానే ఇష్టపడి ఒప్పుకుంటున్నానంటే ఆ నిబంధన నిష్ఫలమవుతుంది. ఈ సందును మూయడం అత్యవసరం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు, తగిన సరకు లేకుండా తక్కువ ధరతో ఆకర్షించే ఎర ప్రకటనలను ఇప్పటికే నిషేధించాయి. ఆ సరకు తగినంత ఉందో లేదో తేల్చడానికి సంఖ్య బయటికి రావాలి. అందుకే దాని వెల్లడిని తప్పనిసరి చేయాలి.

వినియోగదారులు ఇలాంటి ప్రకటనల నకళ్లను భద్రపరచి, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయాలని, దుకాణదారుల సంఘాలు ఈ డిమాండ్‌ను లిఖితపూర్వకంగా కేంద్ర ప్రభుత్వానికి పంపాలని విజ్ఞప్తి.