క్యారవాన్ కింద ఏముంది?

"హీరోగారి క్యారవాన్ లోపల ఏముంటుందండీ?" అని అడగని పాఠకుడు లేడు. నిజం చెప్పొద్దూ, ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో సగం అవే! ఏసీలెన్ని, అద్దం ఎంత పెద్దది, సోఫా రంగేమిటి, కాళ్ళు పట్టే కుర్చీ ఉందా లేదా... ఇవన్నీ రాసి రాసి నా కలం అరిగింది. ఇవాళ లోపలి సంగతి వద్దు. కింది సంగతి చెబుతాను. ఆరు చక్రాలు, ఒక ఇంజను, ఒక జనరేటరు. మన తారల మేడ నిలబడేది వీటి మీదే. వీటి గురించి ఒక్కరైనా ఉత్తరం రాశారా? పోనీ, నేనైనా ఏనాడైనా వంగి చూశానా? లేదు. చూడాల్సిన గతి పట్టింది గనక చెబుతున్నాను.

మొన్న చలికాలంలో ఓ చిత్రం యూనిట్ వాళ్ళు మారేడుమిల్లిలో షెడ్యూలు పెట్టుకున్నారు. 'పుష్ప' (2021) తీసిన అడవులు గనక ఇప్పుడు అందరి చూపూ అటే. నన్ను కూడా రమ్మన్నారు. రైల్లో బెర్తు దొరకలేదు. "మన క్యారవాన్ ఖాళీగానే వెళుతోంది, అందులో వచ్చెయ్యండి" అన్నారు ప్రొడక్షన్ మేనేజర్. ఎగిరి గంతేశాను. హీరోయిన్ కూర్చునే కుర్చీలో కూర్చుని, ఆవిడ అద్దంలో నా మొహం చూసుకుంటూ ప్రయాణం! ఇంటికెళ్ళి ఎన్నాళ్ళు చెప్పుకోవచ్చు!

హైదరాబాదులో రాత్రి పదింటికి బయల్దేరాం. డ్రైవరు, క్లీనరు కుర్రాడు, నేను. డ్రైవరుకి యాభై దాటాయి, సూర్యాపేట వైపు మనిషి. ఆయన నన్ను 'సార్' అంటాడు, నేను ఆయన్ని 'అన్నా' అంటాను. చౌటుప్పల్ దాటేదాకా వెనక సోఫాలో దర్జాగా పడుకున్నాను. నిద్ర పట్టక ముందుకొచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. ఆ రాత్రి నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

సూర్యాపేటలో టీ తాగి పాతిక కిలోమీటర్లు వచ్చామో లేదో, వెనక ఎడమవైపు నుంచి చెవులు చిల్లులు పడేలా శబ్దం. బాంబే అనుకున్నాను. బండి ఒళ్ళు విరుచుకున్నట్టు ఓ పక్కకి ఊగింది. లోపల ఏదో పగిలింది (అద్దం కాదు లెండి, ఫ్లాస్కు). నేనైతే బ్రేకు తొక్కేసేవాణ్ణి. ఆయన తొక్కలేదు. స్టీరింగు రెండు చేతుల్తో బిగించి పట్టుకుని, యాక్సిలరేటర్ మీద కాలు మెల్లిగా తీసి, బండిని తిన్నగా పోనిచ్చి, వేగం దానంతటది తగ్గాక అప్పుడు పక్కకి తీశాడు. టైరు పేలినప్పుడు గబుక్కున బ్రేకు తొక్కితే బండి అడ్డం తిరుగుతుందట. ఈ ముక్క ఆయన తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం ఒకటే మాటన్నాడు: "సార్, ఎడమ దిక్కు నుంచి దిగుండ్రి. రోడ్డు మీదికి పోకుండ్రి."

దిగాం. బండికి వెనకాల యాభై అడుగుల మీద ఎర్ర ముక్కోణం, దాని వెనక నాలుగు చెట్టు కొమ్మలు పెట్టాడు. సెల్‌ఫోను దీపం వేసి చక్రాల కిందికి వంగాడు. నేనూ వంగాను.

వెనకాల జోడు చక్రాలు గదా! బయటి టైరు నిక్షేపంగా ఉంది. పేలింది లోపలిది. దాని పైపొర అరటితొక్కలా ఊడి వేలాడుతోంది. చిత్రమేమిటంటే, ఊడిన ముక్క మీద గ్రిప్పు కొత్త టైరుకున్నట్టే లోతుగా ఉంది! "ఇదేమిటన్నా, అరగనేలేదు?" అన్నాను. ఆయన నవ్వాడు. "అరిగేటంత తిరిగితే గదా సార్! ఈ బండి నెలకి ఇరవై రోజులు నిలబడే ఉంటది. టైరుకి అరుగుడొక్కటే కాదు, వయసు గూడ ఉంటది."

టైరు పక్కభాగం తుడిచి అంకెలు చూపించాడు. చిన్న గుడ్డులాంటి గడిలో నాలుగంకెలు: 2815. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అంటే 2015లో ఇరవై ఎనిమిదో వారం. సినిమా విలేకరిని గనక నాకు వెంటనే లెక్క తట్టింది. 'బాహుబలి' మొదటి భాగం విడుదలైన వారమది! ఆ వారం పుట్టిన టైరు మీద పదేళ్ళ తర్వాత కూడా మన తారలు ఊరేగుతున్నారన్నమాట. అయిదేళ్ళు దాటిన టైర్లని ఏటా తెలిసినవాళ్ళకి చూపించమని, పదేళ్ళు నిండితే కొత్తగా కనిపించినా తీసేయమని టైర్ల కంపెనీలే చెబుతాయి. గ్రిప్పు చూసి మురిసిపోయేవాళ్ళు ఆ నాలుగంకెలూ చూడరు.

నిలబడ్డ బండికి ఏమవుతుందని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఎండకీ గాలికీ రబ్బరు ఎండి, పక్కల్లో వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్ళు పడతాయి. టన్నుల బరువు రోజుల తరబడి ఒకేచోట ఆనితే ఆ భాగం చదునవుతుంది. గాలి ఎవరూ చూడకుండానే కాస్త కాస్త దిగిపోతుంది. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకీ నలుగుతుంది. నలిగితే వేడెక్కుతుంది. ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి. ఇన్ని రోజులూ స్టూడియోలో బుద్ధిగా నిలబడ్డ బండి, ఓ రాత్రి నాలుగొందల కిలోమీటర్లు పరిగెత్తమనేసరికి ప్రాణం తీస్తుంది.

జోడు చక్రాల్లో లోపలి టైరు సంగతి మరీ దారుణం. దాని వాల్వు చేతికందదు. అందుకని చాలామంది కొబ్బరికాయ పరీక్షించినట్టు ఇనపకడ్డీతో కొట్టి, శబ్దం విని "బాగానే ఉంది" అంటారు. పూర్తిగా గాలి పోయిన టైరైతే దాంతో తెలుస్తుంది. పాతిక, ముప్ఫై పౌండ్లు తగ్గిందా లేదా అన్నది ఏ కడ్డీ చెప్పదు. గేజి పెట్టి చూడాల్సిందే. అదీ బయల్దేరకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. నడిచి వేడెక్కాక గాలి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేసే మహానుభావులున్నారు! లోపలిది సగం గాలితో ఊరుకుంటే దాని బరువు కూడా బయటిదే మోయాలి. రెండింటి మధ్యా రాయి ఇరుక్కుంటే ఇక చెప్పేదేముంది!

సరే, కథలోకొద్దాం. స్టెప్నీ దించాం. అందులో గాలి లేదు! ఆ మాటకొస్తే మన కారుల్లో స్టెప్నీకి గాలి చూసి ఎన్నాళ్ళయిందో ఎవరి గుండె మీద వాళ్ళు చెయ్యేసుకుని చెప్పండి. క్లీనరు కుర్రాడు స్టెప్నీతో సహా ఓ లారీ ఎక్కి కోదాడ వెళ్ళాడు. చలిలో మేమిద్దరం మిగిలాం.

అప్పుడు మోగింది ఫోను. ప్రొడక్షన్ వాళ్ళు. "ఎన్నింటికి చేరతారు? మేడమ్ పన్నెండింటికి సెట్లో ఉంటారు." టైరు పేలిందని చెప్పాడాయన. అవతల ఓ క్షణం నిశ్శబ్దం. "అద్దాలకేం కాలేదు గదా?" అని ప్రశ్న! మనుషులకేమైనా అయిందా అన్న ప్రశ్న రానేలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. సెట్లో ఒక పూట ఆగితే ఎంత ఖర్చో నాకు తెలుసు. బి.కాం. చదివినవాణ్ణి, ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు. కానీ ఆ ఫోను పెట్టేశాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఆ చలిలో నాకు గుర్తొచ్చింది ఎన్టీఆర్ గారి చైతన్యరథం. మన తెలుగువాళ్ళందరికీ తెలిసిన చక్రాలమీది ఇల్లు అదే గదా! 1982లో పాత షెవర్లే వ్యానుని మార్చి కట్టించుకున్నారు. కొడుకు హరికృష్ణ గారు నడిపారు. ఆ ఉపన్యాసాలు, రోడ్డు పక్క స్నానాలు జనం కథలు కథలుగా చెప్పుకుంటారు. అంత పాత బండి నెలల తరబడి ఊరూరా తిరిగిందంటే, తెల్లారకముందే ఎవరో ఒకరు దాని చక్రాల దగ్గర వంగి చూసి ఉండాలి. ఆ వంగినవాళ్ళ ఫోటో ఏ పత్రికలోనూ నేను చూడలేదు. మా పత్రికలూ తక్కువేం కాదు.

"అసలు గీ బండి బరువెంతో తెలుసా సార్?" అన్నాడు అన్న, మౌనం వదిలి. తెలీదన్నాను. "ఓనరుకి గూడ తెల్వదు." బస్సు ఛాసిస్ మీద ఏసీలు, గాజు, ప్లైవుడ్, బ్యాటరీలు, జనరేటరు ఎక్కిస్తారు. నీళ్ళ ట్యాంకు సరేసరి. లీటరు నీళ్ళు కిలో బరువు గదా, అయిదొందల లీటర్లంటే అర టన్ను! మారేడుమిల్లిలో నీళ్ళు దొరకవా ఏమిటి, హైదరాబాదు నుంచి నింపుకెళ్ళడం దేనికి? పైగా జనరేటరు, ట్యాంకు ఒకే పక్కన బిగించారంటే ఆ పక్క టైర్లకి ఎప్పుడూ శిక్షే. మాకు పేలింది సరిగ్గా అటువైపే. కాటా మీదికెక్కించి ముందు ఇరుసు బరువెంత, వెనక ఇరుసు బరువెంత విడివిడిగా తూయిస్తే, ఏ టైరులో ఎంత గాలుండాలో తేలుతుంది. కాటాకి పెద్ద ఖర్చు కూడా కాదు.

తెల్లారుతుండగా కుర్రాడు స్టెప్నీతో వచ్చాడు. జాకీ మట్టిలో దిగకుండా చెక్కపలక వేశారు. వీల్ నట్లు బిగించేటప్పుడు చూశాను. వరసగా కాదు, ఒకటి బిగిస్తే తర్వాత దాని ఎదుటిది. అలాగైతేనే చక్రం సమంగా కూర్చుంటుందట. అక్కడితో అయిపోలేదు. నందిగామ దగ్గర మళ్ళీ ఆపి, దిగి, అన్నీ మరోసారి బిగించాడు. చక్రం మార్చిన తర్వాత యాభై, వంద కిలోమీటర్ల లోపల నట్లు కాస్త సడలుతాయి. నట్టు చుట్టూ తుప్పు చారలు కారినట్టు కనిపిస్తే అది వదులైందని అనుమానించాలి. "లేటవుతోందన్నా" అని నేనే నోరు జారాను! ఆయన నా వంక చూశాడు. ప్రొడక్షన్ వాళ్ళకీ నాకూ తేడా ఏమిటో ఆ చూపులో కనబడలేదు.

రాజమండ్రి దాటి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. మేడమ్ గారు విసుక్కోలేదు, పాపం. "మీరందరూ బాగున్నారా?" అని అడిగిన మొదటి మనిషి ఆవిడే. డ్రైవరుకి తన మనిషి చేత భోజనం పంపించారు కూడా.

అక్కడున్న మూడు రోజులూ లోపలి ముచ్చట్లు మానేసి అన్న వెనకే తిరిగాను. పొద్దున్నే లేచి గాలి ట్యాంకుల్లో చేరిన నీళ్ళు వదిలేవాడు. గాలి బ్రేకుల బండికి అది ముఖ్యం. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీళ్ళు కూడా అంతే. రేడియేటర్లో కూలెంటు, ఫ్యాన్ బెల్టు మీద పగుళ్ళు, ఎలకలు కొరికిన వైర్లు... నిలబడే బండికి ఎలకలే మొదటి అభిమానులు! ఇంజనాయిలు కిలోమీటర్లు తిరక్కపోయినా నెలలు గడిస్తే మార్చాల్సిందే. జనరేటరుకైతే గంటల లెక్క. షూటింగులో బండి కదలకపోయినా అది పన్నెండు గంటలు ఆడుతూనే ఉంటుంది గదా! అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తే బండిని చూసుకున్నట్టేనని ఓనర్ల నమ్మకం. అది ఇంజను వేడెక్కడానికే చాలదు. వారానికోసారి పాతిక కిలోమీటర్లు తిప్పితే ఇంజనుకీ టైర్లకీ బ్రేకులకీ కూడా మంచిది.

జనరేటరు దగ్గర మాత్రం ఆయన నవ్వేవాడు కాదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటరు నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడం వల్లేనని పరీక్షించినవాళ్ళు తేల్చారు. దానికి వాసన లేదు, రంగు లేదు. ఏసీ వేసుకుని పడుకున్నవాళ్ళకి తెలిసే దారే లేదు. పొగ గొట్టం, బండి నేలలో కంతలు చూడకుండా ఆయన ఏ రాత్రీ ఎవర్నీ లోపల పడుకోనివ్వలేదు.

ఘాట్ దిగేటప్పుడు ఇంకో ముచ్చట. ఎక్కిన గేరులోనే దిగాలి అంటాడు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో వదిలితే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి కాలి, ఇక పట్టవు.

ఈ మధ్య కుటుంబాలు కూడా తీర్థయాత్రలకి క్యారవాన్లు అద్దెకి తీసుకుంటున్నాయి. బాత్రూం ఉందా, టీవీ ఉందా అని అడిగే ముందు కిందికి వంగి ఆ నాలుగంకెలు చదవండి. లోపలి టైరుది కూడా. డ్రైవరు నిన్న రాత్రి పడుకున్నాడా అని కూడా అడగండి.

తిరుగుప్రయాణంలో దిగబోతుంటే అన్న అడిగాడు: "సార్, మీరు పత్రికల రాస్తే మా ఓనరు చదువుతడా?" సినిమా పత్రిక గనక తప్పకుండా చదువుతాడన్నాను. పదిరోజుల తర్వాత ఫోను చేశాడు. రెండు టైర్లు మార్పించారట. మిగతా నాలుగూ వచ్చే షెడ్యూలు అయ్యాక చూద్దామన్నారట.

వచ్చే షెడ్యూలు ఎక్కడన్నా అని అడిగాను. అరకులోనట.