అమెరికా–బ్రిటన్ ఏఐ దోస్తీ: వివక్ష లెక్క ఎవరు తేలుస్తారు?

అమెరికా, బ్రిటన్‌లది పాత దోస్తీ. యుద్ధాల్లో, గూఢచర్యంలో కలిసి నడిచిన ఈ రెండు దేశాలు 2024 ఏప్రిల్ 1న కృత్రిమ మేధ విషయంలోనూ చేతులు కలిపాయి. అమెరికా వాణిజ్య మంత్రి జీనా రైమాండో, బ్రిటన్ టెక్నాలజీ మంత్రి మిషెల్ డోనెలన్ సంతకాలు చేశారు. కంపెనీలు తయారుచేసే ఏఐ మోడళ్లను రెండు దేశాల సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్‌లు కలిసి పరీక్షించాలి, పద్ధతులు పంచుకోవాలి, ఇదీ ఒప్పందం. ఇది కాగితాలకే పరిమితం కాలేదు. అదే ఏడాది నవంబర్‌లో ఆంత్రోపిక్ మోడల్‌పై, డిసెంబర్‌లో ఓపెన్ఏఐ ఓ1పై ఉమ్మడి పరీక్షల నివేదికలు బయటకొచ్చాయి. కంపెనీ సరుకును బయటివాళ్లు తనిఖీ చేయడం చిన్న విషయమేమీ కాదు.

2025 వచ్చేసరికి గాలి మారింది. ఫిబ్రవరిలో ఫ్రాన్స్, భారత్ కలిసి అధ్యక్షత వహించిన పారిస్ సదస్సులో, ఏఐ అందరినీ కలుపుకుపోవాలన్న ప్రకటనపై దాదాపు 60 దేశాలు సంతకం చేశాయి. ఈ ఇద్దరు మిత్రులూ చేయలేదు. సదస్సు ముగిసిన మూడు రోజులకే బ్రిటన్ తన సంస్థ పేరులోని ‘సేఫ్టీ’ని ‘సెక్యూరిటీ’గా మార్చేసింది. జూన్‌లో అమెరికా కూడా ‘సేఫ్టీ’ మాట తీసేసి, సెంటర్ ఫర్ ఏఐ స్టాండర్డ్స్ అండ్ ఇన్నోవేషన్ అని పెట్టుకుంది.

తెలుగులో సేఫ్టీ అన్నా సెక్యూరిటీ అన్నా భద్రతే కాబట్టి మనకు తేడా చప్పున తట్టదు. తేడా చిన్నది కాదు. బ్రిటన్ చెప్పిన కొత్త ప్రాధాన్యాలు రసాయన, జీవ ఆయుధాలు, సైబర్ దాడులు, మోసాలు, పిల్లలపై లైంగిక నేరాలు. ఇవన్నీ నిజమైన ప్రమాదాలే, కాదనలేం. కానీ మనిషి రంగునో, జాతినో బట్టి యంత్రం చేసే అన్యాయం ఆ వరుసలో లేదు. అమెరికా ఇంకో అడుగు ముందుకేసింది. వైవిధ్యం, సమానత్వం ప్రస్తావనలను ఏఐ ముప్పుల మార్గదర్శకాల నుంచి తీసేయాలని జులైలో ట్రంప్ సర్కారు ప్రణాళిక ఎన్ఐఎస్‌టీకి సూచించింది.

విచిత్రమేమిటంటే, ఈ వివక్షను లెక్కగట్టి చూపించింది ఆ ఎన్ఐఎస్‌టీయే. ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌లలో చాలావాటికి తెల్లవాళ్లతో పోలిస్తే ఆసియన్లు, నల్లజాతివారి విషయంలో తప్పు గుర్తింపులు 10 నుంచి 100 రెట్లు ఎక్కువని 2019 డిసెంబర్‌లో చెప్పింది. అమెరికా ఏఐ సెంటర్ ఉన్నది కూడా ఆ సంస్థ నీడలోనే. ముఖాల పరీక్షలు అక్కడ ఇంకా నడుస్తున్నాయి, అంతవరకు నయం.

బ్రిటన్‌లో పరిస్థితి ఏమంత మెరుగు? పోలీసులు వాడే సాఫ్ట్‌వేర్‌ను అక్కడి నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ పరీక్షించగా, ఒక సెట్టింగులో తప్పు గుర్తింపు తెల్లవాళ్లకు 0.04 శాతం ఉంటే ఆసియన్లకు 4 శాతం, నల్లజాతివారికి 5.5 శాతం అని 2025 డిసెంబర్‌లో బయటపడింది. లండన్, బర్మింగ్‌హామ్‌లలో ఉంటున్న మన హైదరాబాదీలు ఈ ఆసియన్ల లెక్కలోకే వస్తారు.

ఇక ఒప్పందాల సంగతి. సెప్టెంబర్ 18న ట్రంప్, స్టార్మర్ టెక్ ప్రాస్పెరిటీ డీల్‌పై సంతకాలు చేశారు. ఏఐ, క్వాంటం, అణుశక్తి అన్నీ ఒకే మూటలో కట్టారు. అమెరికన్ కంపెనీల పెట్టుబడి 31 బిలియన్ పౌండ్లన్నారు. రెండు ఏఐ సంస్థల సహకారమూ అందులోనే ఉంది. మూడు నెలలు తిరక్కుండానే డిజిటల్ పన్ను, ఆహార ప్రమాణాల పేచీతో అమెరికా దాన్ని ఆపేసిందని వార్తలొచ్చాయి. పరిశోధనను వ్యాపార బేరానికి ముడిపెడితే ఇలాగే ఉంటుంది మరి.

ఇదంతా దూరపు గొడవ అనుకోవడానికి లేదు. తెలంగాణ పోలీసులు 2018లోనే తమ టీఎస్‌కాప్ యాప్‌లో ముఖ గుర్తింపు పెట్టారు. 2021 మేలో లాక్‌డౌన్ సమయంలో హైదరాబాద్‌లో పోలీసులు ఒక సామాజిక కార్యకర్తను ఆపి, మాస్క్ తీయమని ఫొటో తీశారు. నా ఫొటో ఎందుకు తీశారు, ఏం చేస్తారని ఆయన లీగల్ నోటీసు పంపారు. జవాబు రాకపోవడంతో హైకోర్టుకెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఇలాంటి కేసుల్లో లాయర్లు బల్లమీద పెట్టగలిగే గట్టి లెక్క ఏదైనా ఉందంటే, అది ఎన్ఐఎస్‌టీ లాంటి సంస్థలు ప్రచురించినదే.