సెల్‌ఫోన్లుండగా ఆ డబ్బా దేనికి?

ఏడాదికి మూడు నాలుగు శనివారాలు తెల్లవారుజామున మూడింటికే లేచి, కొండల్లో జరిగే పరుగుపందేలకి వెళ్తుంటాను. పరిగెత్తడానికి కాదండోయ్, నాకంత సీను లేదు. ఇక్కడ అమెరికాలో యాభై మైళ్ళ ట్రెయిల్ పందెం అంటే, దారిపొడుగునా అయిదారు మైళ్ళకో ఎయిడ్ స్టేషను ఉంటుంది. నీళ్ళు, అరటిపళ్ళు, ఉడకబెట్టిన బంగాళాదుంపలు పెట్టిన ఓ బల్ల, దాని పక్కన హామ్ రేడియో పట్టుకుని ఓ వాలంటీరు. ఆ వాలంటీరు పని నాది. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి బయల్దేరారు, ఎవరు ఇక మా వల్ల కాదని కూలబడ్డారు, ఇవన్నీ బిబ్ నంబర్లతో రాసుకుని రేడియోలో చెప్పాలి.

ఆఫీసులో మనవాళ్ళు అడిగే ప్రశ్నలు రెండే. ఒకటి: "అందరి జేబుల్లో సెల్‌ఫోనుండగా ఆ డబ్బా దేనికి బాబూ?" రెండు: "ఎంతిస్తారేంటి?"

మొదటిదానికి "అక్కడ సిగ్నల్ ఉండదు" అంటే సరేనని ఊరుకుంటారు. అది నిజమే గానీ, సగం నిజం. సిగ్నల్ నిండుగా ఉన్న ఊళ్ళలో మారథాన్లకి కూడా హామ్‌లు వెళ్తారు. అసలు సంగతేంటంటే, ఫోను ఇద్దరి మధ్య వ్యవహారం. రేడియోలో నేనన్న మాట దారిలో ఉన్న పదిహేను మందీ ఒకేసారి వింటారు. నెట్ కంట్రోల్ అని ఒకాయన కూర్చుంటాడు, ఆయన పిలిస్తేనే మాట్లాడాలి. ప్రాణం మీదకొచ్చిన సంగతైతే మాత్రం మధ్యలో దూరొచ్చు. మన కాన్ఫరెన్స్ కాల్స్‌కి ఈ పద్ధతి పెడితే ఎంత బావుణ్ణో :)

పోయినేడు ఒక పందెంలో, నాలుగో స్టేషను నుంచి 11:42కి బయల్దేరిన ఒకావిడ ఎంతసేపటికీ అయిదో స్టేషనుకి రాలేదు. అయిదులో ఉన్నది నేనే. పందెం వాళ్ళ యాప్‌లో చూస్తే ఆవిడ చుక్క చక్కగా ముందుకు పోతోంది. నా టెంటు దాటేసి ఆరో స్టేషను వైపు కూడా వెళ్ళిపోయింది! చివరిసారి టైమింగ్ మ్యాట్ తొక్కిన సమయం తీసుకుని, అదే వేగంతో వెళ్తుందనుకుని యాప్ లెక్కగట్టి గీసేస్తోందన్నమాట. మా స్టేషన్లో మ్యాట్ లేదు. లెక్కగట్టిన చుక్కకీ నిజంగా కనబడిన చుక్కకీ రంగులో కూడా తేడా పెట్టలేదు. ఆ డిజైన్ చేసినవాళ్ళూ మన జాతే కదా, ఎక్కువ తిట్టలేను. పక్కనున్న కుర్రాడు "యాప్‌లో దాటిపోయిందిగా" అన్నాడు. నా కాగితం మీద మాత్రం ఆ నంబరు లేదు.

అదే నెట్‌లో చెప్పాను: ఈ నంబరు ఇక్కడికి రాలేదు అని. వెంటనే, ఎవరూ అడక్కుండానే, ఒక రోడ్డు క్రాసింగ్ దగ్గరున్న పెద్దాయన అందుకున్నాడు. ఎరుపు చొక్కా ఆవిడెవరో ఇందాక ఎడమవైపు కిందకి దిగడం చూశాడట. పందెం చూడ్డానికొచ్చిన మనిషేమో అనుకున్నాడట. జీపు పంపించారు. దారి తప్పి రెండు మైళ్ళు దిగి, మడమ బెణికి, నీళ్ళైపోయి ఓ చెట్టు కింద కూర్చునుంది. ఫోన్లయితే నేను నెట్ కంట్రోల్‌కి చేసేవాణ్ణి, ఆయన నాలుగో స్టేషనుకి చేసేవాడు. ఆ క్రాసింగ్ పెద్దాయనకి ఎవరు చేస్తారు చెప్పండి? ఆయన దగ్గర సమాచారం ఉందనే ఎవరికీ తెలీదు.

2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలినప్పుడు సెల్ నెట్‌వర్కులు పోలీసులు ఆపించారని పుకారు లేచింది. ఎవరూ ఆపలేదు. అందరూ ఒకేసారి ఫోన్లు చెయ్యడంతో చేతులెత్తేశాయి. ఆ రోజు దారివెంట 200 మందికి పైగా హామ్ వాలంటీర్లున్నారు, వాళ్ళు మాట్లాడుకోగలిగారు. అదే సునామీ సంగతి చూడండి. 2004 డిసెంబరులో అది వచ్చేనాటికి, మన హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. వాళ్ళు వెళ్ళింది హాబీ కోసం. తీరా అండమాన్ కబుర్లు బయటికి పంపాల్సొచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను విజయవాడలో ఇంటర్ హాస్టల్లో ఉన్నాను, అమ్మానాన్న విశాఖలో. మూడు రోజులు ఫోన్లు కలవలేదు. ఈ హాబీ మీద నాకున్న పిచ్చికి కారణం అదేననుకుంటా.

ఇక డబ్బుల సంగతి. ఏమీ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఎఫ్‌సీసీ నిబంధనల ప్రకారం హామ్ బ్యాండ్ల మీద మాట్లాడినందుకు ప్రతిఫలం పుచ్చుకోకూడదు. దీన్ని కొందరు నిర్వాహకులు తెగ వాడేసుకుంటారు. రన్నర్ల దగ్గర వందల డాలర్ల ఫీజులు వసూలు చేసి, "మూడో టెంటులో అరటిపళ్ళైపోయాయి, టీషర్టుల పెట్టె ఎక్కడ?" లాంటివన్నీ మనచేత మోయిస్తారు. దానికి వాకీటాకీలు అద్దెకి దొరుకుతాయి, డబ్బు పెట్టి తెచ్చుకోవాలి. మనుషుల భద్రతకైతే ఎన్ని గంటలైనా నిలబడతాను, సరుకుల రవాణాకి నిలబడను. మా క్లబ్బులో పెద్దవాళ్ళు "పోనీలేవోయ్, అదీ ప్రాక్టీసే" అంటారు. నేనొప్పుకోను. ఉచితంగా దొరికేదాని విలువ నిర్వాహకుడికి తెలీదు. అరటిపళ్ళ గోలలో నెట్ నిండిపోతే, "నేను చూశాను" అనాల్సిన పెద్దాయనకి సందు దొరకదు.

మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే, ఇక్కడ టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలు, 26 సరిగ్గా రాస్తే చాలు. ప్రశ్నలన్నీ ముందే ప్రచురిస్తారు, ఎంసెట్ రాసినవాళ్ళకి వారాంతం పని. మోర్స్ కోడ్ 2007లోనే తీసేశారు. పౌరసత్వం అక్కర్లేదు, అమెరికా చిరునామా ఉంటే హెచ్1బీ వాళ్ళైనా రాయొచ్చు. మొదలెట్టడానికి చవక చైనా సెట్టు సరిపోతుంది. హెడ్‌సెట్ మాత్రం మంచిది కొనండి. వచ్చే ప్రతి రన్నర్‌కీ ఆవుమెడ గంటలు కొట్టి, స్పీకర్లో పాటలు పెడతారు, ఆ గోలలో 15 అన్నాడో 50 అన్నాడో తేల్చుకోవాలి మరి.