ఓటుకు ముందే వెలువడే తీర్పు

ఎన్నికల వేళ మనం తరచుగా వినే మాట ఒకటుంది: “మనిషి మంచివారే, కాని గెలవరు.” ఓటర్లు ఇంకా ఓటే వేయలేదు, మరి ఈ తీర్పు ఎవరిచ్చారు? పార్టీ ఆదరించలేదు గనుక పత్రికలు పట్టించుకోవు. పత్రికల్లో పేరు కనిపించదు గనుక పార్టీ ఆదరించదు. ఈ రెంటినీ చూసి మనం కూడా తలాడిస్తాము. అర్హత గల అభ్యర్థులు ఎందరో ఈ వలయంలోనే మరుగున పడిపోతారు.

అమెరికాలో షిర్లీ చిజం అనుభవం ఇందుకు నిదర్శనం. ఆమె 1924లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, వలస వచ్చిన శ్రామిక కుటుంబంలో జన్మించారు. ఉపాధ్యాయ వృత్తి నుంచి రాజకీయాల్లోకి వచ్చి, 1968లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ అయ్యారు. మహానగర వాసుల ప్రతినిధియైన ఆమెను తీసుకెళ్ళి వ్యవసాయ కమిటీలో వేశారు. కొత్త సభ్యులు మౌనంగా ఉండటం అక్కడి ఆనవాయితీ. ఆమె మాత్రం అభ్యంతరం తెలిపి, ఆ నియామకాన్ని మార్పించుకున్నారు.

1972 జనవరిలో డెమోక్రటిక్ పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీ పడుతున్నట్లు ఆమె ప్రకటించారు. తాను నల్లజాతివారికో, స్త్రీలకో మాత్రమే అభ్యర్థిని కానని, దేశ ప్రజలందరి అభ్యర్థినని స్పష్టం చేశారు. అయినా చాలామంది ఆమె పోటీని నామమాత్రమైనదిగానే చూశారు. చేతిలో డబ్బు స్వల్పం. నల్లజాతి నాయకుల్లో పలువురు దూరంగా నిలిచారు. మహిళా ఉద్యమ నాయకురాళ్ళలో కొందరు గెలిచే అవకాశం ఉందనుకున్న వారి వైపు మొగ్గారు. పరాయివారి ఉపేక్ష కన్నా అయినవారి సందేహమే మనిషిని ఎక్కువగా కుంగదీస్తుంది. నల్లజాతి వ్యక్తిగా కన్నా స్త్రీగానే ఎక్కువ అడ్డంకులు ఎదుర్కొన్నానని ఆమె అనేవారు.

కాలిఫోర్నియా ప్రాథమిక ఎన్నికలకు ముందు టెలివిజన్ చర్చలకు మెక్‌గవర్న్, హంఫ్రీలను పిలిచి, ఆమెను విస్మరించారు. ఆమె దయ కోసం అర్థించలేదు, చట్టాన్ని ఆశ్రయించారు. న్యాయపోరాటం తర్వాతనే టెలివిజన్‌లో మాట్లాడే సమయం లభించింది. ఆ వేసవిలో మయామీ సదస్సులో ఆమెకు సుమారు 152 ప్రతినిధుల ఓట్లు వచ్చాయి. అభ్యర్థిత్వం మెక్‌గవర్న్‌కు దక్కింది. నవంబరులో ఆయన 50 రాష్ట్రాలకుగాను 49 రాష్ట్రాల్లో నిక్సన్ చేతిలో ఓడిపోయారు. గెలుపును ముందే లెక్కగట్టేవారి అంచనాల విలువ ఎంతటిదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

చిజం మాత్రం 1983 ఆరంభం వరకు కాంగ్రెస్‌లో కొనసాగారు. ఇళ్ళలో పనిచేసే శ్రామికులకు కనీస వేతన చట్టాన్ని వర్తింపజేయాలని పోరాడారు. 1974లో అది సాధ్యమయింది. పతాక శీర్షికలకెక్కని వారు కూడా పేదల ఇళ్ళలో దీపం వెలిగించగలరు.

ఇక మన సంగతి చూద్దాం. మన రెండు రాష్ట్రాల్లో స్థానిక సంస్థల స్థానాల్లో సగం స్త్రీలకు కేటాయించారు. అయినా కొన్నిచోట్ల ప్రచార పత్రాలపై అభ్యర్థి కన్నా ఆమె భర్త బొమ్మే పెద్దదిగా ఉంటుంది. ప్రశ్నలూ ఆయననే అడుగుతారు, జవాబులూ ఆయనే చెబుతారు. ఈ అలవాటును మార్చడానికి ఏ పార్టీ అనుమతీ అవసరం లేదు. మన వీధికి ఓటు అడగడానికి వచ్చిన సోదరిని నేరుగా పలకరిద్దాం. మంచినీటి గురించి, బడి గురించి ఆమె ఏమి చేయదలచారో ఆమెనే అడుగుదాం. విన్న తర్వాత నచ్చితే ఓటు వేద్దాం, నచ్చకపోతే మానేద్దాం. వినకముందే “గెలవరు” అని తీర్పు చెప్పే హక్కు మాత్రం మనకు లేదు.