సూదిమొన పాటి తేడా

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగినప్పటి నుంచి భిలాయ్ బతుకు షిఫ్టుల లెక్కే. రైలు పట్టాలు తయారుచేసే ఆ ఊళ్లో వెంట్రుకవాసి తేడా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కానీ షిఫ్టులకు తిరిగి తిరిగి లక్ష కిలోమీటర్లు దాటిన బండి మైలేజీ పడిపోతే, ప్లగ్ నల్లబడితే మాత్రం ఆ లెక్క గుర్తురాదు. కార్బురేటరే మార్చేయమంటారు.

నిజానికి అరిగేది అందులోని సూది, అది కదిలే ఇత్తడి జెట్. ఏళ్ల తరబడి రాసుకుని రెండింటి మధ్య సందు పెరుగుతుంది. అందులోంచి అదనపు పెట్రోలు ఇంజిన్‌లోకి పోతుంది. గాలి స్క్రూ తిప్పితే ఐడ్లింగ్ కుదురుతుందేమో గానీ దారిలో దుబారా ఆగదు. సూది ఒక్కటే మార్చినా చాలదు, వెడల్పయిన రంధ్రం అలాగే ఉంటుంది. జత మార్చాల్సిందే. జెట్ మూసుకుపోతే తీగతో పొడవకూడదు, గాలి కొట్టాలి. పొడిస్తే పోయేది ఆ కొలతే.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బైకుల్లో అత్యధికం ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. కార్బురేటర్ తెలిసిన చేతులు ఇక పెరగవు. పాత బండ్లు మాత్రం ఇంకా షిఫ్టులకు వెళుతూనే ఉన్నాయి. వాటికి కావలసింది కొత్త కార్బురేటర్ కాదు, అరుగుదల ఎక్కడుందో పట్టుకునే ఓపిక.