పోయిన చాకుకు కూలీలో కోతా?

సీజను వచ్చిందంటే రాయచూరు మార్కెట్ యార్డు నుంచి జిన్నింగ్ మిల్లుల దాకా పత్తి బోరాల వరుస తెగదు. ఆ బోరాల కుట్టు విప్పడానికి చాకు కావాలి. ఆ చాకు ఎవరిది? చాలాచోట్ల కార్మికుడు సంతలో కొని నడుముకు దోపుకొని తెచ్చినదే. చాకు కొనలేనివాడు రంపపు బ్లేడు ముక్కకు గుడ్డ చుట్టి పని నడిపిస్తాడు. ఇదంతా యాజమాన్యం కంటికి కనబడదు. అది పత్తి కుప్పలో జారిపోయిననాడు మాత్రం మేస్త్రీ ఊడిపడతాడు. "పోగొట్టింది ఎవడు?" అంటాడు. జిన్ను ఆగిన గంటకు శనివారం లెక్కలో కోత వేస్తాడు.

పోయిన చాకు చిన్న విషయమని మేము అనడం లేదు. ఇనుప ముక్క జిన్ను నైఫుకు తగిలితే నిప్పురవ్వ లేస్తుంది. దూదిలో పడ్డ రవ్వ అప్పుడే మండకపోవచ్చు. బేలు కడుపులో రాజుకుంటూ ఉండి, కొన్ని రోజుల తరువాత గోదాములో బయటపడవచ్చు. ముక్క గింజలో కలిస్తే నూనె మిల్లుకు పోతుంది. అక్కడి నూనె మన వంటింటికి, చెక్క మన గేదెల తొట్టికి వస్తాయి. కాబట్టి "మాది తిండి ఫ్యాక్టరీ కాదు" అన్న మాట చెల్లదు.

పద్ధతిగా నడిచే తిండి ఫ్యాక్టరీలలో ఇంటి చాకు గేటు దాటదు. ఫ్యాక్టరీయే చాకు ఇస్తుంది, దాని మీద నంబరు వేస్తుంది. షిఫ్టు మొదట్లో ఇచ్చినవి చివర్లో లెక్కపెట్టి తీసుకుంటారు. మొన విరిగితే లైను ఆపి ముక్కలన్నీ దొరికేదాకా వెదుకుతారు. విరుచుకుంటూ వాడే బ్లేడ్లను అసలు రానివ్వరు. కొన్నవాడి నోట్లో ఇనుము పడితే కంపెనీ పేరు పోతుందని భయం. కార్మికుడి వేలు తెగుతుందన్న భయం కూడా అంతే ఉంటే బాగుండును! ఏమైనా పద్ధతి మంచిదే, మన మిల్లులకూ రావాలి. కానీ ఆ నంబరు పుస్తకం జరిమానా పుస్తకం కారాదు.

భద్రతకు యజమాని ఇవ్వవలసిన సామగ్రికి కార్మికుని వద్ద పైసా వసూలు చేయరాదని 1948 ఫ్యాక్టరీ చట్టం చెప్పింది. అప్పగించిన వస్తువు కార్మికుని నిర్లక్ష్యం వల్లనే పోతే తప్ప కోత చెల్లదనీ, అప్పుడు కూడా ముందు సంజాయిషీ వినాలనీ 1936 వేతన చెల్లింపు చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కోడ్‌ల మీద మన అభ్యంతరాలు మనకున్నాయి. అయినా ఈ రెండు రక్షణలు వాటిలోనూ ఉన్నాయి. అసలు అప్పగించని చాకుకు కోత ఏ లెక్కన వేస్తారు?

చాకు మిల్లే కొనాలి. అంచు లోపలికి ఉండే రకం కొనాలి. లెక్క మన ప్రతినిధి ఎదుట జరగాలి. చాకు తప్పిపోతే జిన్ను ఆపి, కరెంటు తీసిన తరువాతనే వెదకాలి. ఆ సమయానికి పూర్తి కూలీ కట్టాలి. తిరిగే జిన్నులో చెయ్యి పెట్టమనే హక్కు ఏ మేస్త్రీకీ లేదు. ఆడవాళ్ల కొంగులు విప్పించి వెదకడాన్ని మేము సహించం.

మీ మిల్లులో చాకులు ఎవరు కొంటున్నారో, ఈ సీజనులో ఎవరి కూలీలో ఎంత కోశారో రాసి యూనియన్ ఆఫీసులో ఇవ్వండి. మేస్త్రీ రాసిన చిట్టీ ఉంటే పారేయకండి, అది కూడా తెండి.