మందు పనిచెయ్యలేదా, అందలేదా?

మా వీధిలో ఇద్దరు ఆడవాళ్ళకి ఉబ్బసం. డాక్టరు ఇద్దరికీ పీల్చే స్టిరాయిడ్ మందే రాశారు. మూడు నెలలు తిరిగేసరికి ఒకావిడ మేడమెట్లు చకచకా ఎక్కేస్తోంది. రెండో ఆవిడ మాత్రం ఇంకా అర్ధరాత్రి ఆయాసంతో లేచి కూర్చుంటోంది. "దాని ఒంటికి ఏ మందూ పడదమ్మా" అని అత్తగారు తేల్చేశారు. నిజంగా అంతేనా?

ఎవరికి పనిచేస్తుందో ముందే తెలుసుకోవాలని వైద్యులు ఎప్పటినుంచో ప్రయత్నిస్తున్నారు. 1958లో ఇంగ్లండులో మారో బ్రౌన్ అనే డాక్టరు రోగుల కఫాన్ని మైక్రోస్కోపులో పరీక్షించాడు. అందులో ఇసినోఫిల్స్ అనే కణాలు ఉన్నవాళ్ళకే స్టిరాయిడ్ మాత్రలు బాగా పనిచేశాయని గమనించాడు. ఇప్పుడు ఆ కణాల లెక్క మామూలు రక్తపరీక్షలోనే తెలుస్తుంది. ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్‌ని కొలిచే యంత్రం కూడా వచ్చింది. పెద్దవాళ్ళలో ఆ అంకె 50 దాటితే స్టిరాయిడ్ పనిచేసే అవకాశం ఎక్కువ, 25 లోపుంటే తక్కువ.

అలాగని పరీక్షని జాతకంలా నమ్మకూడదు. కడుపులో కొన్నిరకాల పురుగులున్నా ఇసినోఫిల్స్ పెరుగుతాయి. స్టిరాయిడ్ మాత్రలు మింగుతుంటే తగ్గిపోతాయి. పొగతాగేవాళ్ళకి పీల్చే మందు అంతగా పనిచెయ్యదు. కాబట్టి అంకె తక్కువొచ్చిందని మందు మానెయ్యడం ప్రమాదం. ఆయాసం వచ్చినప్పుడు ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలర్ ఒక్కటే సరిపోదనీ, పెద్దవాళ్ళకీ టీనేజి పిల్లలకీ స్టిరాయిడ్ కూడా ఉండాల్సిందేననీ 2019లో గినా అనే అంతర్జాతీయ సంస్థ స్పష్టంగా చెప్పింది.

ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో మన దేశం వాటా సుమారు 13 శాతమని అంచనా. మరణాల్లో మాత్రం 40 శాతం పైనే! అవసరమైన చాలామందికి పీల్చే స్టిరాయిడ్ అందకపోవడం దీనికి ఒక ముఖ్య కారణం. అందుకే 2025 ప్రపంచ ఆస్తమా దినానికి "పీల్చే మందులు అందరికీ అందాలి" అన్నదే నినాదమైంది.

మా వీధి రెండో ఆవిడని నెమ్మదిగా కదిలిస్తే అసలు సంగతి బయటపడింది. కాస్త తగ్గగానే మందు మానేస్తుందట. చుట్టాలొస్తే ఇన్‌హేలర్ బీరువాలో దాచేస్తుంది. మందు ఎలా పీల్చాలో సరిగ్గా చూపించినవాళ్ళే లేరు. ఆయనగారి బీపీ మాత్రలు, పిల్లల ట్యూషన్ ఫీజులు అయ్యాకే ఆవిడ మందు సంగతి. ఇవన్నీ ఏ రక్తపరీక్షలో కనిపిస్తాయి?

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇన్‌హేలర్ వెంట తీసుకెళ్ళండి. ఎలా పీలుస్తున్నారో ఆయన ముందే చేసి చూపించండి. ఇసినోఫిల్స్ పరీక్ష అవసరమా అని అడగండి. క్రమం తప్పకుండా వాడినా తగ్గకపోతే వేరే మందులూ ఉన్నాయి. అంతేగానీ "ఏ మందూ పడని ఒళ్ళు" అనే మాట ఎవరన్నా నమ్మకండి, మీరూ అనుకోకండి.